కుంభకోణంలో పట్టాభిషేకాలు

కుంభకోణం రామస్వామి గుళ్లో సీతారాములు ఒకే పీఠం మీద కొలువై ఉంటారు. భరతుడు గొడుగు పడితే శత్రుఘ్నుడు వింజామర వీస్తాడు. లక్ష్మణుడి చేతిలో విల్లు. నా చూపు మాత్రం హనుమంతుడి దగ్గరే ఆగిపోయింది. ఒక చేత రామాయణం, మరో చేత వీణ! ఈ గుడి కట్టించిన తంజావూరు రఘునాథ నాయకుడు తెలుగులో రామాయణం రాసినవాడు, వీణా విద్వాంసుడు. 24 మెట్ల తంజావూరు వీణకు ఆ రూపం ఆయన హయాంలోనే కుదిరిందంటారు. ఆ హనుమంతుడిలో రాజు తన్ను తాను చూసుకున్నాడనిపించి, హారతి అయిపోయినా అక్కణ్ణుంచి కదలలేకపోయాను.

తర్వాత మండపంలో స్తంభాల చుట్టూ తిరిగాను. రాముడి పట్టాభిషేకం సరే, సుగ్రీవుడిదీ, విభీషణుడిదీ కూడా చెక్కారు. రాజ్యం పోగొట్టుకున్నవాణ్ణీ, నిలువ నీడ లేనివాణ్ణీ గద్దెనెక్కించిన ఘట్టాలవి. అవి చూస్తుంటే నాకు విజయనగర రాకుమారుడు రామదేవుడు గుర్తొచ్చాడు.

1614లో వెంకటపతి రాయలు పోయాక విజయనగర సింహాసనం కోసం ఇంటిపోరు రగిలింది. వారసుడు శ్రీరంగరాయల్ని గొబ్బూరి జగ్గరాజు కుటుంబంతో సహా చెరలో పెట్టి చంపించాడు. ఒక్క కొడుకు మాత్రం బతికాడు. వెలుగోటి యాచమ నాయుడు ఓ చాకలి సాయంతో ఆ పిల్లవాణ్ణి బట్టల మూటలో దాటించాడని కథనం. మదురై, జింజి నాయకులు జగ్గరాజు పక్షం చేరారు. రఘునాథుడొక్కడే పిల్లవాడి వైపు నిలబడ్డాడు. కల్లణైకి దగ్గర్లో, కావేరి ఒడ్డున తోపూరు దగ్గర జరిగిన యుద్ధంలో జగ్గరాజు హతమయ్యాడు. ఆ పిల్లవాడే రామదేవరాయలై పట్టం కట్టుకున్నాడు.

రఘునాథుడంటే మనకు చేమకూర వెంకటకవి ‘విజయవిలాసం’ అంకితం పుచ్చుకున్న రసికుడిగానే తెలుసు. నాకది చాలదనిపిస్తుంది. ఆయన ఆస్థానంలోని రామభద్రాంబ తన సంస్కృత కావ్యం ‘రఘునాథాభ్యుదయం’లో ఈ యుద్ధాల్ని వర్ణించింది. కత్తి పట్టిన రాజు కథను ఒక స్త్రీ కావ్యంగా చెప్పిన కొలువది!

తంజావూరు కోటలో ఆ కొలువు కోసం వెతికితే ముందు కళ్లబడేది తర్వాత ఏలిన మరాఠాల రంగులే. దర్బారు హాలు చూసి సరస్వతీ మహల్‌కి నడిచాను. నాయకుల గ్రంథాలయాన్ని శరభోజి మహారాజు పెంచి పెద్ద చేశాడు. తెలుగు తాళపత్రాలు తమిళనాడు నడిబొడ్డున ఇన్నేళ్లుగా భద్రంగా ఉన్నాయంటే చేతులు జోడించాలనిపించింది.

చివరికి బస్సెక్కి తరంగంబాడి చేరాను. సముద్రాన్ని ఆనుకుని డేన్‌ల కోట, డాన్స్‌బోర్గ్. తోపూరు యుద్ధం జరిగి నాలుగేళ్లయినా నిండకముందే, 1620లో, రఘునాథుడు ఈ తీరంలో వాళ్లకు చోటిచ్చాడు. డెన్మార్కు రాజు నాలుగో క్రిస్టియన్‌కు బంగారు రేకు మీద తమిళంలో లేఖ పంపాడు. రాయల వంశాన్ని నిలబెట్టడానికి ప్రాణాలొడ్డినవాడే, పరదేశపు రాజుతో నేరుగా ఒప్పందం చేసుకునే కాలం వచ్చేసింది. విజయనగరం అప్పటికే ఎంత చిక్కిపోయిందో తళ్లికోట యుద్ధం గురించి చదివినప్పటికంటే ఈ కోట బురుజు మీద నిలబడ్డప్పుడే నాకు బాగా తెలిసింది.