మిరప కోతల నాటి ఆరాధన

పిడుగురాళ్ళ దాటాక సున్నపు బట్టీల పొగ వెనకబడింది. రోడ్డుకి రెండు పక్కలా ఎర్రటి మిరప కల్లాలు. గురజాల పక్క పల్లెకు నన్ను రమ్మన్న మిత్రుడు ముందే చెప్పాడు: "కోతలు ముమ్మరంగా ఉన్నాయన్నా. ఆదివారమైనా ఆరాధన రాత్రికే. ఏడింటికంటారు గానీ ఎనిమిదవుద్ది." తొమ్మిది కావచ్చింది.

లూథరన్ గుడి అంటే నేనెరిగింది గుంటూరులోదే. గౌను వేసుకున్న అయ్యగారు, క్వయిరు, పుస్తకం చూసుకుంటూ అందరూ ఒక్కసారే లేవడం, కూర్చోవడం. ఇక్కడ నాపరాళ్ళు పరిచిన ఒంటి గది. చెప్పులు బయటే. చాపల మీద ఆడవాళ్ళొక పక్క, మగవాళ్ళొక పక్క. అయ్యగారికి చూసుకోవాల్సిన ఊళ్ళు చాలా. ఆయన వచ్చిన వారమే ప్రభువు బల్ల. మిగతా వారాలు సంఘపెద్దే నడిపిస్తాడు. ఆ రాత్రి ఆయన పొలం నుంచి వచ్చి, రెండు చెంబులు పోసుకుని, తడి తలతోనే నిలబడ్డాడు.

ఓ ముసలమ్మ పాట ఎత్తుకుంది. డోలక్ కుర్రాడు రెండు చరణాల దాకా ఆమెను అందుకోలేకపోయాడు. ఎవరికీ పట్టలేదు. తర్వాత సాక్ష్యాలు: పిల్లాడికి జ్వరం తగ్గిందని ఒకామె, బోరులో నీళ్ళు పడ్డాయని ఒకాయన. కాయల ఘాటు ఇంకా బట్టల్లోనే ఉందేమో, ప్రార్థన మధ్యలో ఒకరు తుమ్మితే గదంతా అందుకుంది. పిల్లలు కిసుక్కుమన్నారు. ప్రార్థన ఆగలేదు.

క్రమం లేదనుకునేరు. పాపపు ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, ఏదీ తప్పలేదు. అన్నీ నోటికే.

దీన్ని పల్లెటూరి వ్యవహారం అని చప్పరించేసే పట్నం విశ్వాసులు లూథర్‌ని ఓసారి చదవాలి. 1526లో జర్మన్ ఆరాధన క్రమానికి రాసిన ముందుమాటలో ఆయన మరో రకం ఆరాధననూ ఊహించాడు: మనసారా నమ్మినవాళ్ళు ఏదో ఒక ఇంట్లో చేరి ప్రార్థించుకోవడం, వాక్యం చదువుకోవడం, పేదలకు పంచడం. దానికి పాటల హంగు అట్టే అక్కర్లేదన్నాడు. అందుకు తగ్గ మనుషులే తనకింకా కనబడలేదన్నాడు. ఆచారాలు అన్నిచోట్లా ఒకేలా ఉండనక్కర్లేదని 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన కూడా అంటుంది. 1842లో గుంటూరు చేరి, తర్వాత ఈ పల్నాటి ఎండల్లో తిరిగిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్‌కు మాత్రం క్వయిరూ బల్లలూ ఎవరు సిద్ధం చేసి పెట్టారు?

ఆశీర్వాదం అయ్యాక వేలం. కానుకగా వచ్చిన గుడ్లు, సొరకాయ, ఓ పుంజు. సొరకాయ నలభై దగ్గర ఆగిపోతే పాటెత్తిన ముసలమ్మ నా వైపు తిరిగి, "పట్నం అయ్యా, యాభై అనరాదూ, దేవుడి సొమ్ము" అంది. అన్నాను. పుంజు మాత్రం నాలుగు వందలు దాటినా తెగలేదు. తెచ్చినాయనే మళ్ళీ పాడుకుంటున్నాడు. వాళ్ళావిడ అవతలి చాప మీంచి వద్దు వద్దని చెయ్యి ఊపుతూనే ఉంది.