ఎగువ వారి విషం, దిగువ వారి బురద

నెదర్లాండ్స్ దేశంలోని రోటర్‌డామ్ నగరానికి వెళ్ళేవారి దృష్టి మొదట మహానౌకలపై నిలుస్తుంది. యూరప్ ఖండంలో ఇదే అతి పెద్ద ఓడరేవు. రైన్, మాస్ నదులు ఇక్కడే సముద్రాన్ని చేరుకుంటాయి. నదులు తెచ్చే ఒండ్రు, ఆటుపోట్లు తెచ్చే ఇసుక రేవు అడుగున నిరంతరం పేరుకుంటాయి. ఏటా కోటి ఘనపు మీటర్లకు పైగా పూడిక తీయనిదే ఇక్కడ నౌకలు కదలవు.

ఒకనాడు ఆ ఒండ్రుతో పల్లపు భూములను మెరక చేసుకునేవారు. తరువాత రైన్ తీరంలోని కర్మాగారాల వ్యర్థాలు నదిలో కలిసి, ఆ వరాన్ని విషంగా మార్చాయి. పాదరసం, కాడ్మియం, సీసం, నూనెలు నిండిన బురదను పొలంలో వేయలేరు, సముద్రంలో వదలలేరు. అందుకే 1987లో సముద్రతీరాన ‘స్లుఫ్టర్’ అనే విశాలమైన గుంతను సిద్ధం చేశారు. దాని సామర్థ్యం సుమారు 15 కోట్ల ఘనపు మీటర్లు.

పూడ్చిపెట్టడం శుద్ధి చేయడం కాదు కదా! కనుక డచ్ పరిశోధకులు మరో మార్గం అన్వేషించారు. రోటర్‌డామ్‌లోని గేల్‌హావన్ రేవు నుండి తీసిన బురదను జేలాండ్ ప్రాంతంలోని క్రేక్రాక్ వద్ద నేలపై పరిచారు. నీటి అడుగున గాలి సోకని ఆ బురదలో నూనె ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. నేలపై ఆరి పగుళ్ళు విచ్చి, గాలి లోపలికి చొరబడగానే మట్టిలోని సూక్ష్మజీవులు ఆ నూనెను ఆహారంగా స్వీకరించి విడగొట్టడం మొదలుపెడతాయి. సులభంగా అందే భాగం తొలి ఏడాదిలోనే చాలావరకు తరిగిపోతుంది. మట్టి రేణువులను గట్టిగా అంటుకున్న భాగం తరగడానికి ఏళ్ళు, ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది. ఆ కాలమంతా భూమి వృథా కాకుండా దానిపై విల్లో చెట్లు పెంచవచ్చు.

అయితే ఈ వైద్యానికి ఒక హద్దు ఉంది. పాదరసం, సీసం వంటి లోహాలను ఏ సూక్ష్మజీవీ నశింపజేయలేదు. వాటికి ఒకటే మందు: నదిలో కలవకుండా ఆపడం. ఈ సత్యాన్ని గ్రహించిన రోటర్‌డామ్ 1984 నుండి రైన్ వెంట పైకి వెళ్ళి, విషం ఎక్కడ కలుస్తున్నదో ఆరా తీసింది. ఆధారాలు చేతబట్టుకొని కర్మాగారాల యజమానులతో చర్చలు జరిపింది. వ్యర్థాలను తగ్గిస్తామని 1991లో జర్మనీ రసాయన పరిశ్రమల సంఘం ఒప్పందం చేసుకుంది. క్రమేణా రేవులోని బురద శుభ్రపడింది. స్లుఫ్టర్ అనుకున్నంత త్వరగా నిండలేదు.

పొరుగువారి హక్కు గోడ అవతలి ఇంటితో ముగిసిపోదు. నీరు పారినంత మేరా అది విస్తరిస్తుంది. బండి నుండి తీసిన పాత నూనెను, పాడైన బ్యాటరీని మురుగుకాలువలో పడవేసేముందు ఈ రేవును గుర్తు చేసుకుందాం. మనలో ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరికి ఎగువ వారే.