అత్తయ్య రాసిన చీటీ

మా సంఘంలో స్త్రీల రిట్రీట్ అంటే ఒక ప్రసంగం, నాలుగు పాటలు, కంఠత వాక్యాల పోటీ, మధ్యాహ్నం చికెన్ పలావు. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఈ వేసవిలో మాత్రం సెమినరీలో చదువు ముగించుకుని వచ్చిన ఒక కుర్రాడు "అమ్మా, ఈసారి ప్రసంగం బదులు ఆట ఆడదాం" అన్నాడు. నలభై మందిమి ఉన్నాం, అందులో సగం మందికి మోకాళ్ళ నొప్పులు. ఇప్పుడు ఆటలేమిటి నాయనా అనుకున్నాం.

తీరా చూస్తే కూర్చుని ఆడేదే. అది క్రీ.శ. 250వ సంవత్సరం, మేమందరం ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ పట్టణంలో ఉన్నాం అనుకోవాలి. తలా ఒక చీటీ తీస్తే అందులో మనం ఎవరమో రాసి ఉంటుంది. ఇక ఆ మనిషిలా ఆలోచించి మాట్లాడాలి. ఏం మాట్లాడాలో ఎవరూ రాసివ్వరు.

కథ ఇదీ. రోము చక్రవర్తి డెసియస్, రాజ్యంలో అందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞ ఇచ్చాడు. అధికారుల ముందు ధూపం వేయాలి, ద్రాక్షారసం ధారపోయాలి, బలి మాంసం రుచి చూడాలి. అలా చేసినట్టు వాళ్ళు సంతకం చేసి కాగితం ఇస్తారు. దాని పేరు లాటిన్‌లో లిబెల్లస్, అంటే చిన్న పుస్తకం అట. నేను చదివిన తెలుగు బీఏకి అది చీటీ అంటేనే నప్పుతుంది. ఈజిప్టులో అలాంటివి నలభైకి పైగా దొరికాయి. అందులో ఒకటి మొసలి దేవుడి గుడిలో పూజారిణిది! ఆవిడ కూడా దేవుళ్ళను కొలుస్తానని రుజువు చూపించుకోవాల్సి వచ్చిందన్నమాట. ప్రభుత్వ కాగితాల సంగతి ఏ కాలంలోనైనా అంతే.

కొందరు క్రైస్తవులు కాదన్నారు, చెరసాలకు వెళ్ళారు, చచ్చిపోయారు. చాలామంది వెళ్ళి బలి ఇచ్చేశారు. ఇంకొందరు బలి ఇవ్వకుండానే అధికారి చేతిలో డబ్బులు పెట్టి కాగితం మాత్రం తెచ్చుకున్నారు. బిషప్పు సిప్రియన్ ఊరు విడిచి దాక్కుని, అక్కడి నుంచే ఉత్తరాలతో సంఘాన్ని నడిపాడు.

ఆట మొదట్లోనే ఒక చిక్కు వచ్చింది. ఆ కుర్రాడు ధూపానికని సాంబ్రాణి తెచ్చాడు. ఆటకైనా సరే సాంబ్రాణి ముట్టుకోమని మావాళ్ళు భీష్మించుకున్నారు. చివరికి వంటింట్లోంచి గుప్పెడు బియ్యం తెచ్చి, అవి సాంబ్రాణి అనుకోమన్నారు. బియ్యం గింజలకైనా ఇద్దరు ముగ్గురి చేతులు వెనక్కి వెళ్ళడం నేను చూశాను.

నాకొచ్చిన చీటీలో 'నూనె వర్తకుడి భార్యవి, ముగ్గురు పిల్లలు, గాజు అమ్మి కాగితం కొన్నావు' అని ఉంది. మా అత్తయ్యకొచ్చిన చీటీలో 'విశ్వాసం ఒప్పుకుని చెరసాలలో దెబ్బలు తిన్న విధవరాలివి' అని ఉంది. అత్తయ్య దాన్ని చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివింది.

"బలి ఇవ్వలేదు, కానీ కాగితం ఉంది. వీళ్ళని ఏమందాం?" అని ఆ కుర్రాడు అడిగాడు. అంతసేపూ గలగలలాడిన హాలు ఒక్కసారి చప్పబడింది.

ఎందుకో మా సంఘాలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులు ఎస్సీలు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గానీ మమ్మల్ని చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు మన రాష్ట్రంలో బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. మతం మారితే కులం పోతుందని చట్టం లెక్క. మా పేటకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అందుకని చాలా ఇళ్ళలో గోడ మీద సిలువ, బీరువాలో ఇంకో కాగితం ఉంటాయి.

మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. మా వారు మావయ్య మాట విని బీసీ-సీ తీసుకున్నారు, రావలసిన ఉద్యోగం తప్పిపోయింది, ఇప్పటికీ ప్రైవేటు స్కూల్లోనే లెక్కలు చెబుతున్నారు. మా మరిది ఎస్సీ సర్టిఫికెట్‌తో ఉద్యోగం తెచ్చుకున్నాడు. మావయ్య పోయేదాకా అతనితో మనసిచ్చి మాట్లాడలేదు. క్రిస్మస్‌కి వస్తాడు, వెనక బెంచీలో కూర్చుంటాడు, బల్ల దగ్గరికి అందరం లేచేసరికి చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోతాడు. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు. నిజానికి కార్తేజ్ వాళ్ళకీ మా మరిదికీ పోలిక సరిగ్గా కుదరదు. అతన్ని ఎవరూ దేనికీ మొక్కమనలేదు. కానీ హాల్లో దించుకున్న తలలకి ఆ తేడాతో పనిలేకపోయింది.

ఆట రెండో భాగం 251వ సంవత్సరం. హింస తగ్గింది, పడిపోయినవాళ్ళు తిరిగొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. చేర్చుకోవాలా, వద్దా? రోములో నొవేషియన్ అనే పెద్ద వద్దంటే వద్దన్నాడు. అతని పక్షం రిటైరైన ఒక నర్సమ్మగారికి వచ్చింది. ఆవిడ లేచి నా కళ్ళలోకి చూసి, "నా కొడుకు చచ్చాడు, నీ కొడుకు బతికాడు. మనిద్దరికీ ఒకటే బల్లా?" అంది. నేను తయారు చేసుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. మా వారు గుర్తొచ్చారు. ఆయన ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు గానీ, ఆయనకు ఆ హక్కు ఉంది.

అప్పట్లో చెరసాలలో బాధపడినవాళ్ళకి గొప్ప గౌరవం. 'ఫలానావాళ్ళని చేర్చుకోండి' అని వాళ్ళు ఉత్తరం రాసిస్తే సంఘం కాదనడం కష్టం. అందుకని ఆటలో నేను అత్తయ్య దగ్గరికి వెళ్ళి అడగాలి. పాతికేళ్ళ కాపురంలో ఆవిడని ఇలా చేతులు కట్టుకుని అడిగింది ఎప్పుడూ లేదు. కొందరు నవ్వారు. అత్తయ్య నవ్వలేదు.

"పిల్లలెంతమందమ్మా నీకు?" అంది.

"ముగ్గురండి."

పెన్ను తీసుకుని మెల్లగా రాసింది. కుర్రాడు దాన్ని పైకి చదివాడు: "ఈ అమ్మాయినీ, ఈమె ఇంటివాళ్ళందరినీ చేర్చుకోండి." అతను పకపకా నవ్వి, "సిప్రియన్ సరిగ్గా ఇందుకే విసుక్కున్నాడమ్మా! పేర్లు రాయకుండా ఇంటివాళ్ళందరూ అని రాస్తే ఇరవై ముప్ఫై మంది వచ్చేస్తారు అన్నాడు. పేర్లు రాయండి" అన్నాడు.

"ఇంటివాళ్ళంటే ఇంటివాళ్ళే. పేర్లెందుకు, దేవుడికి తెలీదా" అంది అత్తయ్య. కాగితం వెనక్కి తీసుకోలేదు.

ఓట్లు పెడితే చేర్చుకోవాలన్న పక్షం కొద్దిలో గెలిచింది. పలావు చల్లారిపోతోందని కొందరు ఎటు పడితే అటు చెయ్యెత్తారని నా అనుమానం.

ఇంటికి వస్తూ ఆటోలో అత్తయ్య అడిగింది, "ఇంతకీ ఆ ఊరివాళ్ళు నిజంగా చేర్చుకున్నారటే?"

ఆ కుర్రాడు చెప్పిందే చెప్పాను. 251లో బిషప్పులందరూ కూడి, కాగితం మాత్రమే కొన్నవాళ్ళని ఒక్కొక్కరి సంగతీ విచారించి చేర్చుకోమన్నారు. బలి ఇచ్చినవాళ్ళని మాత్రం పశ్చాత్తాపంలోనే ఉండి, చావు దగ్గరపడ్డాక రమ్మన్నారు. తర్వాత మళ్ళీ హింస వచ్చేలా ఉందని, పశ్చాత్తాపపడుతున్న వాళ్ళందరినీ లోపలికి పిలిచారు. దాక్కున్నాడని మాటలు పడ్డ సిప్రియన్ 258లో పారిపోకుండా నిలబడి తల ఇచ్చాడు.

"ఒక్కొక్కరి సంగతీ విచారించి," అని అత్తయ్య తనలో తాను అనుకుంది. కొంచెం దూరం పోయాక, "చిన్నాడికి ఫోను కలుపు" అంది.

కలిపి ఇచ్చాను. ఆటో మోతలో సగం వినపడలేదు. ఆవకాయ జాడీ సిద్ధంగా ఉందని, ఈ ఆదివారమే వచ్చి తీసుకెళ్ళమని, ఆరాధనకి ముందే రమ్మని చెప్పడం మాత్రం విన్నాను. మా వారికి ఈ సంగతి ఎవరు చెప్పాలో మాత్రం మా ఇద్దరిలో ఇంకా తేలలేదు.