గంటన్నర భామాకలాపము

తెల్లవారువఱకు నడచు నాటను గంటన్నరలో ముగింపవలెనన్నచో దేనిని విడువవలెను? దేనిని నిలుపవలెను? క్రిందటి వేసవిలో నర్సీపట్నమున మా వీథి స్త్రీలము కొందఱము భామాకలాపము నాడ బూనినప్పుడు మాకు గలిగిన మొదటి చిక్కు ఇదియే.

సిద్ధేంద్రయోగి పేర బ్రసిద్ధమైన యీ కలాపము కృష్ణాజిల్లా కూచిపూడియందే గాక, మా ఉత్తరాంధ్రమునందును తూర్పు భాగవతమను పేర, మృదంగపు మ్రోతతో చిరకాలముగా నాడబడుచున్నది. పూర్వము సత్యభామ వేషము పురుషులే కట్టెడివారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) ఆ వేషముననే గొప్ప కీర్తి గాంచిరి. స్త్రీలు చూచుటకు వచ్చెడివారు. అదియు సగము రాత్రి వఱకే. "పిల్లలేడ్చుచున్నారని నడుమనే లేచి వచ్చుటయే గాని, కృష్ణుడు వచ్చుట నేనెన్నడును చూడలేదు" అని మా యత్తగారనిరి. ఆ మాట విన్న పిమ్మట, ఏమి తగ్గించినను కృష్ణుని రాకను మాత్రము విడువరాదని నిశ్చయించుకొంటిమి.

తక్కిన విషయములలో వాదము తప్పలేదు. హాస్యము తీసివేసి పాటలు మాత్రముంచుదమని కొందఱనిరి. నేనందుల కొప్పుకొనలేదు. తెరమీద జడ వేసి సభనే సవాలు చేయు సత్యభామ, భర్తపేరు చెప్పుమని మాధవి యడుగగానే సిగ్గుచే దలవంచును. ఆ పేరు చెప్పలేక చెప్పుట చూచి నవ్వుకొనని గృహిణి మనలో నెవతె? లేఖ తీసికొనిపోవుటకు మాధవి ముక్కెర నడుగు ఘట్టమును నట్టిదే. అది సౌభాగ్యచిహ్నము గదా, ఎట్లిత్తునని భామ వెనుదీయును; తుదకు విరహము భరింపలేక యిచ్చును. ఆమె గర్వము కరగుట మనకు గానవచ్చునది యిచ్చటనే. ఈ నవ్వులను గోసివేసినచో మిగులునది గయ్యాళి మాత్రమే. అట్టి దానికొఱకు కృష్ణుడేల రావలెను?

కావున జడ, పేరు, ముక్కెర, లేఖ, కృష్ణుని రాక, ఈ యైదును నిలిపితిమి. దరువులలో మఱలమఱల వచ్చు చరణములను, నగల వర్ణనలను, నడిమి వ్యాఖ్యానములను తగ్గించితిమి. మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొన్న పిదప రెండేసి గంటలు, నెలదినములు సాధన చేసితిమి. మృదంగము వాయించిన పెద్దాయన మొదట, "ఇంత కురచ భాగవత మెక్కడిదమ్మా" యని నవ్వినను, జతులు మాత్రము మాకొఱకు నోపికతో కుదించి యిచ్చెను.

ఆటనాడు మా యత్తగారు ముందు వరుసలో గూర్చుండిరి. కృష్ణుడు తెర వెడలి రాగానే విసనకఱ్ఱ యొడిలో బెట్టి కదలక చూచిరి. ముగిసిన పిమ్మట, "అప్పుడే యైపోయినదా? ఇంకొంతసేపు ఆడరాదటే" యని గోలచేసిరి.

సోదరీమణులారా, ఇట్టి యాటను మీ యూర నాడదలచినచో ముందుగా గడియారమును గాక, ఇంటి పెద్దవారిని గూర్చుండబెట్టి యడుగుడు. వారు చూడకయే లేచిపోయిన భాగమేదియో తెలిసికొని, అచ్చటనుండి కూర్పు మొదలుపెట్టుడు.