మూడో నంబరే కదా!

మా నెల్లూరు తీరంలో ‘సిగ్నల్’ అనే మాట లేకుండా రోజు గడవదు. ఫోన్ మోగకపోతే సిగ్నల్ లేదంటాం. రైలు స్టేషన్ బయట ఆగిపోతే సిగ్నల్ ఇవ్వలేదంటాం. చుట్టాలింట్లో అమ్మ కళ్లతోనే ‘ఇక లేవండి’ అని నాన్నకి చెప్పేదీ సిగ్నలే. కానీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మా ఊళ్లలో సిగ్నలంటే ఒకటే, కృష్ణపట్నం పోర్టులో ఎగరేసేది.

‘మూడో నంబర్ ప్రమాద హెచ్చరిక’ అని టీవీలో రాగానే, వేటకెళ్లే మా చిన్నాన్న తేలిగ్గా అనేస్తాడు: “మూడే గదరా నాయనా, ఏం గాదులే!” పదకొండు దాకా ఉన్న లెక్కలో మూడంటే ఎవరికైనా తక్కువే అనిపిస్తుంది.

అయితే ఇవి మార్కులు కావు. 1, 2 నంబర్లంటే గాలివాన దూరాన నడిసముద్రంలో ఉందని. 3, 4 అంటే పోర్టుకే ముప్పు మొదలైందని. 5, 6, 7 ప్రమాదం. 8, 9, 10 పెద్ద ప్రమాదం. ఎనిమిదికీ పదికీ తేడా గాలి బలంలో లేదు. తుఫాను పోర్టుకి ఏ పక్కగా పోతుంది, లేక దాని మీదుగానే వస్తుందా అన్నదాంట్లో ఉంది.

నేను పనిచేసే లైనక్స్‌లోనూ సిగ్నల్స్ ఉన్నాయి, వాటికీ నంబర్లే. 15 అంటే ‘పని సర్దుకుని బయటికి రా’ అని ప్రోగ్రాముకి మర్యాదగా చెప్పడం. 9 అంటే మారుమాట లేకుండా ఆపేయడం. పదిహేను కంటే తొమ్మిదే కఠినం. ఆ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి ‘తొమ్మిదే కదా’ అని ఎవరూ అనరు.

మా ఊళ్లో చిక్కంతా చిన్న నంబర్లతోనే. ఒకటో నంబర్ ఉన్నప్పుడు ఒడ్డున ఎండ కాస్తుంటుంది, పోర్టు క్షేమం. కానీ మా వాళ్ల బోటు వెళ్లేది ఆ సముద్రంలోకే కదా! ఈ నంబర్లు పోర్టుల కోసం, ఓడల కోసం పెట్టినవి. వేటకెళ్లేవాళ్లకి వాతావరణ శాఖ విడిగా హెచ్చరిక ఇస్తుంది, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా వెళ్లకూడదో తేదీలతో సహా. టీవీలో నంబరు మోగినంత గట్టిగా అది మోగదు. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి అడిగితే మా నాయనమ్మకి ఏ నంబరూ గుర్తులేదు. గాలి చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉందంటుంది.

అన్నిటికంటే పెద్ద నంబర్ 11. అది తుఫాను తీవ్రతే చెప్పదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెబుతుంది. అంటే, సిగ్నల్ అందట్లేదని చెప్పే సిగ్నల్ అన్నమాట!

అందుకే మా చిన్నాన్నకి నంబర్ల అర్థాలు తెలుగులో రాసి ఫోన్లో పంపాను. ఈసారి పోర్టులో నంబర్ ఎగరేశారంటే మీరు కూడా ‘ఎంత?’ అని కాదు, ‘గాలి ఎక్కడుంది, ఎటు వస్తోంది?’ అని అడగండి. బోటు దించాలా వద్దా అన్నది ఆ జవాబులోనే ఉంటుంది.