అలరాజుకు విషమిచ్చినదెవరు?

1888 నాటి లండన్ వైట్‌ఛాపెల్ హత్యలకు నేటికీ కొత్త నిందితులను వెదకి తెస్తూనే ఉన్నారు. మన పల్నాటి హత్యకు మాత్రం ఎనిమిది శతాబ్దాలుగా ఒకే ప్రధాన ముద్దాయి: నాయకురాలు నాగమ్మ.

కోడిపందెంలో ఓడి, ఏడేళ్లు రాజ్యం విడిచిన మాచెర్ల వారు, గడువు తీరాక అలరాజును గురజాలకు రాయబారిగా పంపారు. అతడు నలగామరాజుకు స్వయానా అల్లుడు. విషప్రయోగానికి బలైపోయాడు. సంధి ఆశ అతనితోనే పోయింది. మిగిలినది కారెంపూడి రణభూమి.

నలగాముడే చేయించాడందామా? కన్నకూతురికి వైధవ్యం తెచ్చిపెట్టుకునే తండ్రి అరుదు. మాచెర్లలో యుద్ధం కోరినవారందామా? ప్రయోజనం వారికీ ఉన్నది, కాని గురజాలలో అవకాశం లేదు. కథలో నరసింగరాజు పేరూ వినిపిస్తుంది. దాయాదుల పగకు అది సరిపోతుంది. నాగమ్మకు అధికారమూ, అవకాశమూ రెండూ ఉన్నాయి. అయితే గడువు సాగదీస్తే చాలిన మంత్రికి, యుద్ధాన్ని పిలిచే హత్య ఎందుకు?

ఇక సాక్ష్యం. శ్రీనాథుని పేర నిలిచిన కావ్యం సుమారు రెండున్నర శతాబ్దాల తరువాతిది. ఏటా కార్తీకంలో కారెంపూడిలో కొలుపులందుకునేది బ్రహ్మనాయుడి పక్షపు వీరులు. పాడేవారు వారి భక్తులే. నాగమ్మ తరఫున వకాల్తా పుచ్చుకున్న గొంతు ఏదీ మనదాకా రాలేదు.

నా తూకంలో అనుమానం ఇప్పటికీ ఆమె వైపే కొంచెం మొగ్గుతుంది. కాని అనుమానం వేరు, తీర్పు వేరు. మంత్రిపీఠమెక్కిన ఒక స్త్రీ పేరును తిట్టుగా వాడుకోవడానికి ఈ సాక్ష్యం చాలునా?

మీరేమంటారు?