పాలమూరు పరుపుబండమీద చేతక్

ప్రయాణమనగానే మూటలు గట్టుట, ఊరగాయ జాడీ వెదకుట మన యిండ్లలో మామూలే. మొన్నటి ఫాల్గుణమాసమున మేము నల్లగొండనుండి పాలమూరునకు బయలుదేరినప్పుడు మాత్రము కారు వెనుకచోటంతయు నొక హెలికాప్టరే యాక్రమించినది. జాడీ మా యొడిలో నుండవలసివచ్చెను.

సోదరీమణులు వెఱవనక్కఱలేదు. ఇది మనుష్యులెక్కునది కాదు. చేతక్ అను హెలికాప్టరునకు పదునొకండవ వంతు నమూనా. రాణా ప్రతాపుని గుఱ్ఱము పేరు గల ఆ యంత్రమును, ఫ్రాన్సువారి నమూనాను బట్టి, 1960వ దశాబ్దమునుండి మన హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌వారు నిర్మించిరి. సికింద్రాబాదు చెంత హకీంపేటలో వాయుసేనవారు దానిపై శిక్షణ పొందుట బాల్యమున చూచిన మా వారికి ఆ మోహము నేటికిని వదలలేదు. మాదాని మూడు ఱెక్కలు తిరుగు వలయము మీటరు వెడల్పు. బరువు రెండున్నర కిలోలు. వెల చెప్పము. తలచుకొన్న మాకే మనసు బాగుండదు.

దీనిని గాలిలో నిలిపియుంచుటయే అన్నిటికంటె కష్టము. రెండు చేతుల వ్రేళ్లును క్షణమైన విశ్రమింపరాదు. ముక్కు మనవైపు తిరిగినచో కుడియెడమలు తారుమారగును. అద్దము చూచి పాపట తీసికొను అలవాటున్నందున కాబోలు, కంప్యూటరుపై సాధన చేయునపుడు ఈ మర్మము మా వారికంటె మాకే ముందుగా పట్టువడినది. ఱెక్కలు నిమిషమునకు 1,800 మారులు తిరుగును. అప్పుడు వాని కొసల వేగము గంటకు 300 కిలోమీటర్లకు పైమాటే. బొమ్మయని పిల్లలను చేరనిచ్చుట కత్తిపీట నిచ్చి ఆడుకొమ్మనుటకంటె ఘోరము. అందుచే మాలో నొక యొడంబడిక కలదు: ఎగురవేయువారు యంత్రమును చూడవలెను, రెండవవారు నేలను చూడవలెను. నేలను చూచువారు ‘దింపు’మన్న, కారణ మడుగక దింపవలెను.

దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా పోయితిమి. త్రోవపొడవునను ఎఱ్ఱని చెలకలు, ఎవరో పేర్చినట్లు ఒకదానిపై నొకటి నిలిచిన గుండ్లు. 2021 డ్రోను నిబంధనల ప్రకారము పటములో పచ్చరంగు గల ప్రదేశమున 400 అడుగుల ఎత్తువఱకు ముందనుమతి యక్కఱలేదు. అయినను ఇట్టి నమూనా నడుపువాని కంటికి ఆనుచునే యుండవలెను. మహబూబ్‌నగరు చెంత మా పినమామగారి చెలక ఆ పచ్చని ప్రదేశములోనిదే. మన్ను మాత్రము ఎఱ్ఱనిది. ఆ దుమ్ము పండ్లచక్రములలో జొచ్చిన నంతే సంగతులు. అదృష్టవశమున చెలక నడుమ విశాలమైన పరుపుబండ యున్నది. అంతకంటె శుభ్రమైన దింపుడుచోటు కోరినను దొరకదు.

ఆ సీమ సముద్రమునకు దాదాపు 500 మీటర్ల ఎత్తు. ఎండ యెక్కిన గాలి పలుచనై ఱెక్కలకు పట్టు తగ్గును. వేడెక్కిన బండమీదినుండి సుడిగాలులును లేచును. కనుక తెల్లవాఱగనే మొదలిడితిమి. ఒక్కొక్క బ్యాటరీకి అయిదాఱు నిమిషముల యెగురుట. రెండు మారులు చక్కగా సాగినది. మూడవసారికి ప్రొద్దెక్కినది, వలదంటిమి. ‘ఇదొక్కటే’ అనిరి మా వారు. ఈ మాట వినని గృహిణి యుండునా?

గుండ్ల చాటునుండి మేకల మంద, వెనుక పదేండ్ల బాలుడు పరుగున వచ్చుటయు, గాలి విసరి చేతక్కును అటే త్రోయుటయు నొక్కసారే జరిగినవి. ‘దింపండి!’ అని కేక వేసితిమి. మా వారు తల త్రిప్పి చూడలేదు. యంత్రమును రాళ్లవైపు మరల్చి మోటారు నాపిరి. మోటారు ఆగినను, దిగునప్పుడు ఎదురువచ్చు గాలి ఱెక్కలను త్రిప్పును. నేల సమీపింపగా వాని వాలు పెంచిన మెల్లగా వ్రాలును. పెద్ద హెలికాప్టరు నడుపువారికిని నేర్పు విద్యయే యిది. కాని దానికి కొంత యెత్తు కావలెను, మాకది లేకపోయెను. తోక వంగినది, ఒక ఱెక్క విరిగినది, ముందు చక్రము ఊడి యెగిరిపోయినది.

మేము పరుగెత్తి బాలుని పట్టుకొని నిలువెల్ల తడిమితిమి. వానికేమియు కాలేదు. మా కాళ్లు మాత్రము వణకుచుండెను. వాడే ముండ్లపొదలో వెదకి చక్రమును దెచ్చి మా వారి చేతిలో బెట్టి, ‘గిది మళ్ల ఎగురుతదా సారూ?’ అనెను.

‘ఈపూటకు ఎగురదు’ అనిరి.

జాడీ విప్పితిమి. తెచ్చిన జొన్నరొట్టెలను మువ్వురమును ఆ బండమీదనే కూర్చుండి తింటిమి.